మూలం సార్ బతికున్నట్టు ఆధారం

ఉగ్గాని పొట్లం విప్పగానే అందరూ మిరపకాయ బజ్జీ కోసం వెతుకుతారు. నేను తేదీ కోసం వెతుకుతాను. పొట్లం కట్టిన పేపరు ఏ పత్రికదో, ఏ రోజుదో చూసుకున్నాకే నా చెయ్యి బొరుగుల మీదికి పోతుంది. మా ఆదోనిలో బజ్జీల బండ్ల దగ్గర ఇలాంటి మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటా. ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, ఒకాయన అంటించి పోయారు. "పోయారు" అని ఇంత తేలిగ్గా రాసేశాను గానీ, ఆయన చూస్తే ఆ మాట కింద గీత గీసి, "యాడ అచ్చయిందమ్మా?" అని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ గొడవ చెప్పుకోవడానికే ఇది మొదలుపెట్టాను.

ఆయన ఎమ్మిగనూరులో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, దానికి కొత్తగా రాసేవాళ్లను తయారు చెయ్యడం ఆయన రెండో ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, మానుకోమని చెప్పేవాళ్లు మాత్రం బోలెడుమంది. రాసిన ప్రతి ముక్కా ఎక్కడి నుంచి తెచ్చామో, అంటే దాని మూలం ఏమిటో, చూపించేదాకా ఒప్పుకునేవారు కాదు. అందుకే మేమంతా ఆయన్ని మూలం సార్ అనేవాళ్లం. ఎవరేం చెప్పినా గుళ్లో తీర్థం పట్టినట్టు కుడి అరచెయ్యి చాపి నిలబడేవారు. మూలం పెట్టమని అర్థం. ఆ చేతిలో పడాల్సింది పడేదాకా చెయ్యి వెనక్కి పోయేది కాదు.

ఈ అలవాటు సర్వస్వం దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ఎమ్మిగనూరు బస్టాండులో కండక్టరు "ఆదోని, ఆదోని" అని గొంతు చించుకుంటుంటే, ఈయన బస్సు ముందుకు నడిచిపోయి బోర్డు చదివి, వెనక్కొచ్చి ఎక్కేవారు. ఒకసారి నేనూ ఆ బస్సుకే వచ్చాను.

"కండక్టరు సెప్తానే ఉండాడు గదా సార్" అన్నాను.

"ఆయప్ప బస్సు గురించి ఆయప్పే సెప్పుకుంటే ఎట్ల నమ్మాలమ్మా? దాన్ని సొంత డబ్బా అంటారు."

బోర్డు రాయించింది కూడా ఆ బస్సువాళ్లే కదా అని నాకు తట్టింది గానీ, అంటే ఆయన దిగి డిపోకు పోతారేమోనని ఊరుకున్నాను.

నాకు ఆయన పరిచయమైన తీరు ఇంకా దారుణం. నాది ఆదోనిలో జెరాక్సు షాపు, వెనక గదిలో రెండు కంప్యూటర్లు. పరీక్షల కాలంలో పిల్లలు గైడ్లు పట్టుకుని వరస కడతారు. ఒక పొద్దు ఆయన ఏదో పాత పుస్తకం తెచ్చి, తన వంతు కోసం నిలబడి, ముందున్న పిల్లల్ని పలకరించడం మొదలుపెట్టారు. "ఈ గైడు రాసినాయన బతికుండాడా నాయనా? ఆయప్ప అనుమతి అడిగినారా?" ఒక పిల్లవాడు నిజంగానే భయపడి గైడు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. వాడి వెనక ఇంకొకరు. కాసేపటికి షాపులో నేను, ఆయన, మిషనూ మిగిలాం.

"సార్, మీరు ఇంకో గంట ఈడనే ఉంటే నేను షట్టర్ దించుకుని ఇంటికి పోవాల్సిందే" అన్నాను. నాకు కోపం వస్తే దాచుకోవడం రాదు.

ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "ఆదివారం మధ్యాన్నం నువ్వెట్లాగూ దించుకుంటావు గదా. ఆ వెనక కంప్యూటర్లు మాకియ్యకూడదా?" అన్నారు. ఎందుకు సరేనన్నానో నాకిప్పటికీ తెలియదు. కాపీ తీసి బతికే షాపులో కాపీ కొట్టకూడదనే పాఠశాల అలా మొదలైంది.

ఆ పాఠాలకు వచ్చినవాళ్లు రకరకాలు. ఆస్పరిలో పురుగుమందుల షాపు నడిపే ఒకాయన పత్తి పురుగు గురించి బ్రహ్మాండమైన వ్యాసం రాసుకొచ్చాడు. భాష చూసి అందరం నోరు తెరిచాం. చివరి వాక్యం దాకా వచ్చేసరికి, "మరిన్ని వివరాలకు మీ దగ్గరలోని మా డీలరును సంప్రదించండి" అని ఉంది. కంపెనీవాళ్ల కరపత్రం మొత్తం దించేశాడు, డీలరుతో సహా.

సార్ ఆ కరపత్రం మడిచి తన జేబులో పెట్టుకున్నారు. "సంగతి ఊరందరిదీ, వాక్యం మాత్రం రాసినోడిది. సంగతి తీసుకో, వాక్యం ఆడనే ఇడిసిపెట్టు. నీ షాపుకు రైతు వస్తే పురుగు గురించి ఎట్ల సెప్తావో సెప్పు."

ఆయన చెప్పాడు. పురుగుని, కంపెనీని, వానని, గవర్నమెంటుని కలిపి తిట్టుకుంటూ చెప్పాడు. అంత బాగా పురుగు గురించి నేనెప్పుడూ వినలేదు. సార్ మురిసిపోయి, "ఇదే రాయప్పా. బూతులు తీసేసి, మూలాలు పెట్టు" అన్నారు. బూతులు తీసేస్తే వ్యాసం సగమైంది. ఆ సగమూ ఇప్పటికీ సర్వస్వంలో ఉంది.

హాలహర్వి పక్క పల్లె నుంచి వచ్చే అంగన్‌వాడీ టీచరుది ఇంకో కథ. తన ఊరికి ఆ పేరెలా వచ్చిందో రాసి, మూలం దగ్గర "మా అవ్వ" అని పెట్టింది. సార్ చెయ్యి చాపారు. "అవ్వ గొప్ప మనిషే తల్లీ. కానీ అవ్వ అచ్చు గాలేదు గదా" అన్నారు.

ఆ పిల్ల ఇంటికి పోయి ఆ మాట చెప్పింది. వాళ్ల అన్నదమ్ములకు ఇదేం పెద్ద కష్టంగా తోచలేదు. అచ్చే కదా కావాలి? నేరుగా ఆదోని వచ్చి, అవ్వ ఫోటో నిలువెత్తున వేయించి, కింద ఊరి పేరు కథంతా రాయించి ఫ్లెక్సీ కొట్టించారు. ఊరి బస్టాపులో కట్టి, "అచ్చయింది సార్, వచ్చి సూసుకోండి" అని ఫోను చేశారు.

సార్ వెంట నేనూ వెళ్లాను, వేడుక చూడాలని. మేం దిగేసరికి అవ్వ ఇంటి ముందు జనం. మా వైపు ఊళ్లలో ఒక ముసలి మనిషి ఫోటో ఒంటరిగా ఫ్లెక్సీకెక్కిందంటే ఎందుకో అందరికీ తెలుసు. చుట్టుపక్కల చుట్టాలంతా పూలదండలు పట్టుకుని వచ్చేశారు. వచ్చినవాళ్లందరికీ అవ్వే టీ పోస్తోంది.

"బా అప్పా, కూచో. నువ్వూ దండ తెచ్చినావా?" అంది సార్‌ని చూసి. సరిహద్దు మనిషి, సగం కన్నడం.

సార్ టీ తాగుతూ ఎంతో ఓపిగ్గా వివరించారు. మన గురించి మనమే కొట్టించుకున్న ఫ్లెక్సీ మూలం కాదని, పైగా ఆ ఫోటో తీసిన స్టూడియో ఆయన్ని అడిగారో లేదో అని. అవ్వ అంతా విని, "నేను ఎదురుగ్గా నిలబడి టీ పోస్తాండా. ఐనా జనం నన్ను సూసి ఉలిక్కిపడతాండారు గానీ ఆ గుడ్డను అనుమానించలేదు. అచ్చేసింది అంత గొప్పదా అప్పా?" అని అడిగింది.

సార్ టీ గ్లాసు కింద పెట్టారు. "గొప్పదేం గాదవ్వా. నువ్వు సెప్పింది తప్పని రేపెవరన్నా అంటే, గట్టిగా కాదనేకి నువ్వుండవు గదా. అప్పుడు నీ తరపున మాట్లాడేకి ఏదో ఒకటుండాల" అన్నారు.

తిరుగు బస్సులో అసలు సంగతి చెప్పారు. ఆ ఊరి పేరు కథ అచ్చయ్యే ఉంది. అచ్చు వేసింది ఆయనే. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో సైకిలు మీద ఈ పడమటి పల్లెలన్నీ తిరిగి, ముసలివాళ్లను అడిగి, ఊరి పేర్ల మీద ఒక పుస్తకం రాశారట. పంతుళ్ల సంఘం ఒకటి దాన్ని అచ్చు వేసింది. అవ్వ కథ అవ్వ మామ నోటి నుంచే అందులోకి ఎక్కింది.

"మరి ఆ పుస్తకాన్నే మూలంగా ఇయ్యొచ్చు గదా సార్!" అని నేను సీటులోంచి లేచినంత పని చేశాను.

"నా పుస్తకాన్ని నేనే సూపిస్తే కండక్టరుకూ నాకూ ఏం తేడా?"

ఆ పుస్తకం కాపీలు ఎక్కడా లేవు. ఆయన దగ్గరున్న ఒక్కటీ పురుగు పట్టింది. "కథలు సెప్పిన ముసలోళ్లంతా పోయినారమ్మా. ఈ ఒక్కటీ పురుగు తింటే ఇంక అడిగేకి ఎవరూ లేరు" అన్నారు. అప్పుడు ఆయన గొంతులో పంతులు లేడు. దాన్ని సర్వస్వం వాళ్ల ఆన్‌లైన్ గ్రంథాలయానికి ఉచితంగా ఇచ్చేద్దామని, ఎవరైనా చదువుకునేలా, ఎవరైనా వాడుకునేలా హక్కులు వదిలేస్తానని ఆ బస్సులోనే అనుకున్నారు. పేజీలన్నీ నా షాపులోనే స్కాన్ చేశాం. నా షాపు చరిత్రలో రచయిత అనుమతితో తీసిన మొదటి కాపీ అదే. "ఈ పుస్తక రచయితను నేనే, హక్కులు వదులుకుంటున్నాను" అని ఆయన మెయిలు పంపారు. అనుమతులు పరిశీలించే వాలంటీరు ఎవరో దూరపు నగరంలో ఉంటాడు. అతని జవాబు కోసం కూర్చున్నాం.

అలా కూర్చున్న ఒక ఆదివారమే ఉగ్గాని తెప్పించాను. సార్ అలవాటుగా పొట్లం తేదీ చూసి, పేజీ చదివి, బజ్జీ చేతిలోనే పెట్టుకుని ఆగిపోయారు. నూనె మరక మధ్యలో ఒక వార్త. అంతకు ముందు ఏదో స్కూలు సభలో ఆయన పుస్తకాన్ని మెచ్చుకుని శాలువా కప్పారు. నేనూ వెళ్లాను ఆ సభకు. వార్తలో మాత్రం, "ఊరి పేర్ల పుస్తకం రాసిన కీర్తిశేషులు" అని ఆయన పేరు వేశారు. సభకు రాని విలేకరి నిర్వాహకుణ్ణి ఫోనులో అడిగి రాసుకున్నాడట. ఆ సభ పెట్టింది నిర్వాహకుడి తండ్రి జ్ఞాపకార్థం; ఆ తండ్రికి చెందాల్సిన కీర్తిశేషులు సార్ నెత్తిన పడింది.

నేను విరగబడి నవ్వాను. సార్ నవ్వలేదు. "పత్రిక మంచిదే" అన్నారు దిగులుగా.

వాలంటీరు జవాబు మరుసటి వారం వచ్చింది. రచయిత కీర్తిశేషులని పత్రికలో వచ్చింది కాబట్టి, ఆ మెయిలు ఎవరు పంపారో తెలియదని, చట్టబద్ధ వారసుల అనుమతి పంపితే పరిశీలిస్తామని రాశాడు. కింద మార్గదర్శకాల పేజీ లింకు ఇచ్చాడు. కొత్తవాళ్ల కోసం ఆ పేజీ రాసింది సారే.

నాకు తల తిరిగిపోయింది. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. "సూసినావా ఎంత జాగ్రత్తగా పరిశీలించినాడో! ఇట్లాంటోడు ఒక్కడుంటే సాలు!"

"సార్, ఈ పొద్దు పేపరు పట్టుకుని సెల్ఫీ దిగి పంపండి."

"నేను బతికుండానని నేనే సెప్పుకుంటే..."

"కండక్టరు. తెలుసు సార్. పింఛనుకు ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టో?"

"అది బ్యాంకుకు సాలు. యాడన్నా అచ్చయిందా?"

ఆయన చెయ్యి చాపారు, నా వైపు కాదు, ఊరికే గాల్లోకి. ఇక ఒకటే దారి. అదే పత్రిక సవరణ వెయ్యాలి.

ఆదోనిలో ఆ విలేకరి మంచివాడే. మమ్మల్ని చూసి లేచి నిలబడి కుర్చీ వేశాడు. "ఇంత నిక్షేపంగా ఉండారు గదా సార్, ఇంక సవరణ ఎందుకు?" అన్నాడు. కావాలంటే ఇంకో సన్మానం చేయించుకోమన్నాడు, ఫోటోతో సహా వార్త వేస్తే బతికున్నట్టు దానంతటదే తేలిపోతుందని. నాకు ఇది బంగారం లాంటి ఉపాయంగా తోచింది. సార్ ఒప్పుకోలేదు. "మూలం కోసం సభ పెట్టేది, ఫ్లెక్సీ కట్టేది రెండూ ఒకటే" అన్నారు. విలేకరి సవరణ పంపుతానన్నాడు. పంపాననేవాడు. డెస్కులో చోటు లేదనేవాడు. మేం వెళ్లినప్పుడల్లా టీ మాత్రం ఇప్పించేవాడు.

సవరణ వచ్చేదాకా సార్ సర్వస్వంలో ఒక్క అక్షరం దిద్దలేదు. "నా ఖాతాలో మార్పులు కనపడితే సచ్చిపోయినోని ఖాతా ఎవరో వాడుతుండారనుకుంటారు" అనేవారు. ఆదివారాలు వచ్చేవారు, మూల కుర్చీలో కూర్చునేవారు, కీబోర్డు తాకేవారు కాదు. చెయ్యి మాత్రం చాపేవారు. ఆయన్నలా చూస్తుంటే నాకు మొదట నవ్వొచ్చేది, తర్వాత తర్వాత ఒళ్లు మండేది. ఒక మనిషి ఇంత మొండిగా తనను తానే కాదనుకుంటాడా అని ఏడుపొచ్చేది.

ఒకసారి వాళ్లింటికి వెళ్లి ఆయన భార్యకే మొరపెట్టుకున్నాను. అమ్మ నన్ను మించిన కోపిష్టి. "వారసుల సంతకమే కావాలంటే నేను పెడతా తేమ్మా, తెగిపోతాది" అంది.

"నేను బతికుండంగా నువ్వు వారసురాలివి ఎట్లయితావు? అది అబద్ధం" అన్నారు సార్ లోపలి నుంచి.

అమ్మ మెడలో తాళిబొట్టు బయటికి తీసి ఆయన మొహం ముందు పెట్టింది. "ఇది సూడు. ఇది మెళ్లో ఉండేది సాలదా నువ్వు బతికుండావనేకి?"

సార్ దాన్ని కళ్లద్దాలు సర్దుకుని మరీ చూశారు. "మంచి ఆధారమే. కానీ మనింట్లోదే గదా" అన్నారు. అమ్మ గరిటె విసిరేస్తుందనుకున్నాను. నవ్వింది. ఆయన కూడా నవ్వారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

తర్వాత ఒక శనివారం పొద్దున నేను షట్టరు తీస్తుంటే అమ్మ ఫోను. "మీ సారు పోయినాడమ్మా. కాఫీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు."

నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. "ఎవరు సెప్పినారమ్మా?" అన్నాను.

"నేను సెప్తాండా గదమ్మా. నేను సాలనా?" అంది.

శనివారం సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. ఆస్పరి పురుగుమందులాయన వచ్చాడు. హాలహర్వి టీచరు వచ్చింది, వాళ్ల అవ్వ పంపిన దండ తెచ్చింది. ఆదివారం పొద్దున నేను మళ్లీ ఎమ్మిగనూరు వెళ్లాను. వెళ్లేసరికి వాకిట్లో పేపరు పడి ఉంది. అలవాటుగా తీసి, తేదీ చూసి, లోపలి పేజీలు తిప్పాను. కింద మూలన చిన్న డబ్బాలో సవరణ. ఆయన పేరు వేసి, కీర్తిశేషులని పొరపాటున ప్రచురించామని, ఆయన క్షేమంగా, ఆరోగ్యంగా ఉన్నారని, పొరపాటుకు చింతిస్తున్నామని.

అమ్మ చేతికిచ్చాను. వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. "ఆరోగ్యంగా కూడా ఉండాడంట" అంది. ముందు నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియలేదు, నేనూ ఏడుస్తున్నాను కాబట్టి.

విలేకరికి ఫోను చేసి ఆయన పోయిన వార్త వెయ్యమన్నాను. నిజంగానే బాధపడ్డాడు. గొంతు తగ్గించి, "పోయినాడని ఒకసారి ఏసినాం. బతికుండాడని ఈ పొద్దే ఏసినాం. రేపు మళ్లీ పోయినాడని పంపితే డెస్కోళ్లు నన్ను బతకనిస్తారా మేడమ్?" అన్నాడు. మిగతా పత్రికలు రిటైరైన పంతుళ్ల కోసం ఖాళీగా లేవు. ఎక్కడా ఒక్క అక్షరం రాలేదు.

పురుగుమందులాయన ఆ సవరణను వాలంటీరుకు పంపాడు. తప్పేమో అన్నాను. "సార్ మెయిలు పంపిన నాడు బతికే ఉండాడు గదక్కా. అదే గదా ఆయప్పకు కావాల్సింది" అన్నాడు. పెద్దకర్మ లోపే జవాబు వచ్చింది. రచయిత సజీవులని నమ్మదగిన మూలం దొరికింది కాబట్టి ఆయన అనుమతిని ఆమోదిస్తున్నామని, రచయితకు ధన్యవాదాలని. సార్ పుస్తకం ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది. పురుగు తిన్న చోట్లు కూడా అలాగే కనపడతాయి. టీచరు తన ఊరి వ్యాసం మళ్లీ రాసి, మూలం దగ్గర ఆ పుస్తకం పేజీ పెట్టింది. ఈసారి చెయ్యి చాపడానికి ఎవరూ లేరు.

పుస్తకం పేజీలో రచయిత పేరు పక్కన పుట్టిన సంవత్సరం, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. మొన్న ఎవరో ఆ ఖాళీ నింపారు. నేను చూసిన వెంటనే తీసేసి, కారణం దగ్గర "మూలం లేదు" అని రాశాను. కాసేపటికి టీచరు ఫోను చేసింది. నింపింది తనేనట.

"కళ్లారా సూసినాము గదక్కా, నువ్వూ నేనూ" అంది ఏడుపు గొంతుతో.

ఫోనులో కనపడదని తెలిసి కూడా నేను కుడి చెయ్యి చాపాను.

"యాడ అచ్చయిందమ్మా?"

"యాడా కాలేదక్కా."

"అయితే ఉండనీ" అన్నాను.